ఉక్కు నగరంలో ఐరన్ మ్యాన్: సూపర్ హీరో సూట్‌కు భౌతికశాస్త్రం పెట్టే పరీక్ష

జంషెడ్‌పూర్‌లో మా అక్కవాళ్లు కద్మాలో ఉంటారు. వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడల్లా రాత్రి భోజనాలయ్యాక అందరం డాబా ఎక్కుతాం. కరిగిన స్లాగ్‌ను పారబోసినప్పుడు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడటం ఈ ఊరి పాతవాళ్లందరికీ తెలిసిన దృశ్యం. ఉక్కు ఈ ఊళ్లో కేవలం పరిశ్రమ కాదు. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అంటూ ఇళ్లలో వంట వేళల్ని కూడా అదే నిర్ణయిస్తుంది. రైల్వేలోనో, కంపెనీలోనో ఉద్యోగం దొరికి కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఈసారి డాబా మీద మా మేనల్లుడు ఐరన్ మ్యాన్‌గా మారి ఎదురొచ్చాడు. వాడిది ఆరో తరగతి. ఛాతీకి అట్టపెట్టె ముక్కలు, చేతులకు వెండిరంగు కాగితం, తలకు వాళ్ల నాన్న బైక్ హెల్మెట్. హెల్మెట్ వాడి తల మీద గిన్నెలా అటూ ఇటూ తిరుగుతోంది.

"మామయ్యా, మన ఊళ్లో ఇంత ఉక్కు ఉంది కదా. నిజం ఐరన్ మ్యాన్ సూట్ ఇక్కడ చేయలేరా?"

మంచి ప్రశ్న. పైగా ఈ ఊళ్లో అడగాల్సిన ప్రశ్న. 1912లో తొలి ఉక్కు దిమ్మె పోతపోసిన ఊరు ఇది. ఇక్కడి బర్మామైన్స్ ప్రాంతంలో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఉంది. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని ప్రారంభించారు. లోహం గురించి ఏం అడిగినా సమాధానం చెప్పగలిగేవాళ్లు ఈ ఊళ్లో దొరుకుతారు. కానీ వాడి ప్రశ్నకు సమాధానం లోహంతో మొదలైనా లోహంతో ముగియదు.

తూటాను ఆపడం తేలికే

ముందుగా ఒక చిన్న దిద్దుబాటు. 2008లో వచ్చిన సినిమాలో టోనీ స్టార్క్ చివరికి వేసుకునే సూట్ ఇనుముది కాదు, బంగారం, టైటానియం కలిసిన మిశ్రమలోహానిది. పేరులోనే ఇనుము ఉంది. మా వాడికి ఈ సంగతి అంతగా నచ్చలేదు.

కవచం అనే ఊహ మనకు కొత్త కాదు. సహజ కవచకుండలాలతో పుట్టిన కర్ణుడి కథ వినని తెలుగువాడు ఉండడు. అసలు కవచాలతోనూ జంషెడ్‌పూర్‌కు పాత చుట్టరికం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ తయారైన కవచపు పలకలను బిగించిన సైనిక వాహనాలకు 'టాటానగర్' అనే పేరే స్థిరపడింది. అవి ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధం దాకా వెళ్లాయి. తర్వాతి రోజుల్లో ఆ పని హైదరాబాద్‌లోనూ సాగింది. అర్జున్ ట్యాంకుకు వాడే కంచన్ కవచం అక్కడి రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాలలో పుట్టింది. ప్రయోగశాల ఉన్న కంచన్‌బాగ్ పేరే దానికి పెట్టారు. భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో హైదరాబాద్‌లోని మిధాని 'భాభా కవచ్' అనే బుల్లెట్ ప్రూఫ్ జాకెట్‌ను తయారుచేస్తోంది.

ఇవి ఎలా పనిచేస్తాయో ఒక లెక్క చూద్దాం. మామూలు 9 మిల్లీమీటర్ల పిస్టల్ తూటా బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు అనుకుందాం. దాని గతిశక్తి సుమారు 520 జౌళ్లు. ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, 3 కన్నా కాస్త తక్కువ. ఒక కిలో బరువున్న బంతిని ఎవరైనా మీ వైపు సెకనుకు 3 మీటర్ల వేగంతో, అంటే మెల్లగా విసిరినా ద్రవ్యవేగం దాదాపు అంతే. 70 కిలోల మనిషి ఛాతీలో ఆ తూటా ఆగిపోతే అతను వెనక్కి కదిలే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. సినిమాల్లో తూటా తగలగానే విలన్ గాల్లోకి ఎగిరి అద్దం పగలగొట్టుకుని పడటం వట్టి కల్పన.

మరి తూటా ఎందుకు చంపుతుంది? ఆ శక్తి అంతా చిటికెన వేలి గోరు కన్నా చిన్న చోట దిగుతుంది కాబట్టి. అక్కడ పీడనం చర్మం, ఎముక తట్టుకోగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్‌లో బోరాన్ కార్బైడ్ వంటి చాలా గట్టి సెరామిక్ పలక తూటా మొనను పగలగొడుతుంది. వెనకున్న బలమైన పోగుల పొరలు ఆ ముక్కల్ని పట్టుకుని, దెబ్బను ఛాతీ అంతటికీ పంచుతాయి. కమిలిన గాయం మిగులుతుంది, ప్రాణం నిలుస్తుంది.

అంటే తూటాల వరకు సూపర్ హీరో సూట్ ఊహకు సైన్స్ అడ్డు చెప్పదు. ఇంకాస్త తేలికగా, ఇంకాస్త పలుచగా చేయడమే ఇంజినీర్ల సమస్య.

కింద పడితే?

అసలు ఇబ్బంది హీరో కింద పడినప్పుడు మొదలవుతుంది. ఐరన్ మ్యాన్ ఆకాశం నుంచి నేలను గుద్దుకుంటాడు, కాంక్రీటు పగులుతుంది, దుమ్ము రేగుతుంది, మనవాడు లేచి నిలబడి ఒక జోక్ వేస్తాడు. సూట్‌కు ఏమీ కాలేదు, కాబట్టి లోపలున్న మనిషికీ ఏమీ కాలేదని సినిమా మనల్ని నమ్మిస్తుంది.

మరుసటి ఉదయం మా వాడూ నేనూ దీన్ని పరీక్షించాం. ఒక పచ్చి కోడిగుడ్డును స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, డాబా మీది నుంచి పెరట్లోకి వదిలాం. డబ్బాకు చిన్న సొట్ట పడింది, అంతే. మూత తీస్తే లోపల సొన. రెండోసారి అదే డబ్బాలో గుడ్డు చుట్టూ మరమరాలు నింపాం. ఇక్కడ వాటిని ముఢీ అంటారు, ఏ వీధి చివర కొట్లోనైనా దొరుకుతాయి. ఈసారి మరమరాలు కొన్ని పిండయ్యాయి, గుడ్డు మాత్రం నిలిచింది. డబ్బా రెండుసార్లూ ఒకటే. గుడ్డు ఆగడానికి దొరికిన దూరం మారింది.

దీని వెనకున్న సూత్రం తొమ్మిదో తరగతి పుస్తకంలోదే. ఒక వస్తువు ఆగేటప్పుడు దాని మీద పడే త్వరణం కావాలంటే, వేగాన్ని దాంతోనే గుణించి, ఆగిన దూరానికి రెట్టింపుతో భాగించాలి. చాలా ఎత్తు నుంచి పడే మనిషి వేగం గాలి నిరోధం వల్ల సెకనుకు 50 మీటర్ల దరిదాపుల్లో స్థిరపడుతుంది. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. సూట్ లోపల 5 సెంటీమీటర్ల మెత్త ఉందనుకుందాం. ఆ 5 సెంటీమీటర్లలో ఆగాలంటే త్వరణం సుమారు 2,500 జి. జి అంటే భూమి మనల్ని లాగే మామూలు గురుత్వ త్వరణం. అప్పుడు 5 కిలోల తల పన్నెండున్నర టన్నుల బరువున్నట్టు ప్రవర్తిస్తుంది. అదే మనిషి సర్కస్ వలలో పడి 5 మీటర్ల దూరంలో ఆగితే త్వరణం 25 జి. ఒళ్లు హూనమవుతుందిగానీ బతికే అవకాశం ఉంది.

ఇక్కడ కవచపు గట్టిదనం లెక్కలోకే రాలేదని గమనించండి. సూట్ వైబ్రేనియంతో చేసినా ఇదే లెక్క. 'బ్లాక్ పాంథర్' సినిమాలో సూట్ దెబ్బల శక్తిని దాచుకుని తిరిగి వదులుతుంది. శక్తిని ఏదో ఒక రూపంలో దాచడం ఊహించవచ్చు. ద్రవ్యవేగాన్ని మాత్రం అలా డబ్బాలో దాచలేం. పడుతున్న శరీరానికి ఉన్న ద్రవ్యవేగం సున్నా కావాలంటే దాని మీద అంత బలం అంతసేపు పనిచేసి తీరాలి. గుండె, కాలేయం, ద్రవంలో తేలుతున్న మెదడు, ఇవన్నీ సూట్‌తో పాటే ఆగాలి. సూట్ టక్కున ఆగితే అవి ఎముకల గోడలకు కొట్టుకుని ఆగుతాయి.

కామిక్స్ రచయితలు ఈ నిజాన్ని ఒకసారి గుర్తించారు. 1973లో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' 121వ సంచికలో గ్వెన్ స్టేసీ వంతెన మీది నుంచి పడుతుంటే స్పైడర్ మ్యాన్ సాలీడు దారంతో ఆమెను పట్టుకుంటాడు. అయినా ఆమె చనిపోతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ కకాలియోస్ ఆ ఘట్టాన్ని ద్రవ్యవేగం పాఠానికి ఉదాహరణగా వాడుకున్నారు. ఒక్కసారిగా బిగిసిన దారం కూడా నేలలాంటిదే.

మనిషి ఎంత త్వరణాన్ని తట్టుకోగలడో తన ఒంటి మీదే పరీక్షించుకున్న నిజమైన సాహసి ఒకరున్నారు. అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్. 1954 డిసెంబరు 10న ఆయన రాకెట్లు బిగించిన బండిలో కూర్చుని గంటకు 1,017 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని, 1.4 సెకన్లలో ఆగిపోయారు. ఒక క్షణంలో ఆయన మీద 46 జి పడింది. కళ్లలో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది, తర్వాత కోలుకున్నారు. ఆయన్ని కాపాడింది లోహపు కవచం కాదు, ఒంటిని సీటుకు బిగించిన పటకాలు. బండి క్రమంగా తగ్గిన దూరమంతా ఆయన శరీరానికీ దొరికేలా చేశాయవి. తర్వాతి కాలంలో ఆయన కార్లలో సీటు బెల్టుల కోసం గట్టిగా పోరాడారు. నేటి కార్ల ముందు భాగం నలిగిపోయేలా తయారుచేయడం వెనకున్నదీ ఈ లెక్కే. బండి నుజ్జయితే "పాతకాలపు కార్లు ఎంత గట్టివో" అని నిట్టూరుస్తాం. ఆ నలిగిన అర మీటరే లోపలివాళ్లకు దొరికిన ఆగే దూరం.

కొలిమి ముందు వెండిరంగు సూట్

పడటం గురించి ఇంత చెప్పాక మా వాడు అడిగాడు: "అయితే నిజం సూపర్ సూట్లు లేనే లేవా?"

ఉన్నాయి. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం దగ్గర పనిచేసేవాళ్లు వేసుకునే వెండిరంగు కోటు, తలకు ముసుగు చూడండి. ఏ కామిక్ పుస్తకంలోంచో దిగినట్టుంటారు. ఆ బట్ట మీద అల్యూమినియం పూత ఉంటుంది. కొలిమి నుంచి వచ్చే ద్రవ ఇనుము ఉష్ణోగ్రత సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్. వస్తువు వెదజల్లే వికిరణ శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఈ లెక్కన 1,500 డిగ్రీల దగ్గరున్న ఆదర్శ వస్తువు ప్రతి చదరపు మీటరు నుంచి 560 కిలోవాట్లు వెదజల్లుతుంది. ద్రవ ఇనుము అంతకన్నా తక్కువే వదులుతుంది. అయినా మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు ఒక కిలోవాటే కాబట్టి, ఇది దానికి వంద రెట్లకు పైమాటే. అల్యూమినియం పూత ఆ వికిరణంలో అధిక భాగాన్ని అద్దంలా వెనక్కి తిప్పి పంపేస్తుంది.

కానీ ఏ సూట్‌కైనా రెండోవైపు ఒకటుంది. అది బయటి వేడిని లోపలికి రానివ్వనట్టే, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కష్టపడి పనిచేసే మనిషి ఒంట్లో సెకనుకు సుమారు 400 జౌళ్ల వేడి పుడుతుంది. అది ఏమాత్రం బయటికి పోకపోతే 70 కిలోల మనిషి ఉష్ణోగ్రత గంటలో 6 డిగ్రీల దాకా పెరుగుతుంది. అంత దాకా ప్రాణం ఆగదు. అందుకే ఆ కోటుతో ఎక్కువసేపు పనిచేయకూడదు, మధ్యమధ్య నీడకు రావాలి, నీళ్లు తాగాలి.

వ్యోమగాముల సూట్‌కూ ఇదే బాధ. అంతరిక్షం చల్లగా ఉంటుందని అనుకుంటాం, అక్కడ వేడిని మోసుకుపోయే గాలి లేదని మర్చిపోతాం. తెలంగాణ మూలాలున్న నాసా వ్యోమగామి రాజాచారి 2022 మార్చిలో రెండుసార్లు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట పనిచేశారు. అలాంటి పనుల్లో వేసుకునే సూట్ కింద ఒంటికి అంటిపెట్టుకుని మరో దుస్తులుంటాయి. వాటిలో సుమారు 90 మీటర్ల పొడవైన సన్నని గొట్టాల్లో చల్లని నీళ్లు తిరుగుతుంటాయి.

ఇప్పుడు టోనీ స్టార్క్ సంగతి చూద్దాం. సినిమా ప్రకారం అతని ఛాతీలోని ఆర్క్ రియాక్టర్ సెకనుకు 3 గిగాజౌళ్ల శక్తి ఇస్తుంది. అంటే 3,000 మెగావాట్లు, ఒక పెద్ద థర్మల్ కేంద్రం అంత. అందులో నూటికి ఒక వంతు మాత్రమే వేడిగా వృథా అవుతుందని ఉదారంగా అనుకుందాం. అది 30 మెగావాట్లు. ఇంట్లో వాడే కిలోవాటు ఇస్త్రీ పెట్టెలు 30 వేలు ఒకేసారి ఒంటికి తగిలించుకున్నట్టు. శత్రువు రాకముందే కథ ముగుస్తుంది.

వేగం బాధించదు, మార్పు బాధిస్తుంది

సూట్ సంగతి సరే, అంతరిక్ష నౌకల మాటేమిటి? ఇక్కడ సినిమాలు తరచూ ఒక పొరపాటు చేస్తాయి. వేగమే ప్రమాదం అన్నట్టు చూపిస్తాయి. ఈ వాక్యం చదువుతున్న మీరు భూమితో పాటు సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో, గంటకు లక్ష కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతున్నారు. చేతిలోని టీ కప్పులో అల కూడా రావడం లేదు. 2018లో 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' అనే తెలుగు సినిమా వచ్చింది. పేరులోని సంఖ్య వినడానికి భారీగానే ఉంటుంది. కానీ భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగంతో తిరిగే వ్యోమగాములు హాయిగా తేలుతూ నిద్రపోతారు.

ఇబ్బంది అంతా ఆ వేగాన్ని అందుకోవడంలో, వదులుకోవడంలో ఉంది. రాకెట్ ప్రయాణంలో మామూలుగా 3, 4 జి పడతాయి. సోయజ్ నౌక నిటారుగా దిగాల్సి వస్తే 8 జి దాటవచ్చు. అందుకే వ్యోమగాములు వెల్లకిలా పడుకుని ప్రయాణిస్తారు. సోయజ్‌లో ఒక్కొక్కరి ఒంటి కొలతకు తగ్గట్టు సీటు అచ్చు పోస్తారు. నేలకు తాకే ముందు ఆ సీటు కాస్త పైకి లేస్తుంది, తాకినప్పుడు కిందికి కుంగడానికి చోటు ఉండేలా. మళ్లీ ఆగే దూరమే. యుద్ధ విమానాల పైలట్లు 9 జి మలుపులు తిరిగేటప్పుడు రక్తం కాళ్లలోకి దిగి స్పృహ తప్పకుండా, కాళ్లనూ పొట్టనూ గాలి సంచులతో బిగించే ప్యాంటు తొడుక్కుంటారు. లోకంలో నిజంగా ఉన్న సూపర్ సూట్లలో ఈ ప్యాంటుది పెద్ద పీట.

సినిమాల్లో నౌక మీట నొక్కగానే నక్షత్రాలు గీతలుగా సాగి, అయిదు సెకన్లలో కాంతి వేగానికి చేరుతుంది. లెక్క వేస్తే ఆ త్వరణం 60 లక్షల జి. 60 కిలోల మనిషి బరువు 3 లక్షల 60 వేల టన్నులవుతుంది. జంషెడ్‌పూర్ వాళ్లకు అర్థమయ్యే కొలమానం ఒకటుంది. హౌరా వంతెనకు పట్టిన ఉక్కు 26,500 టన్నులు, అందులో 23,000 టన్నులు ఈ ఊరి నుంచే వెళ్లాయి. అలాంటి వంతెనలు పదమూడు మీ ఛాతీ మీద నిలబెట్టినట్టు. ఇక్కడ ఏ సూట్ ఏం చేయగలదు? సూట్ బయటి నుంచి నెట్టగలదు. ఒంట్లోని ప్రతి కణాన్నీ విడివిడిగా పట్టుకుని ముందుకు తీసుకెళ్లలేదు.

అయితే ఓపిక ఉంటే దారి లేకపోలేదు. నౌక సరిగ్గా 1 జి త్వరణంతో సాగితే లోపలివాళ్లకు కద్మాలో నడుస్తున్నట్టే ఉంటుంది. అలా ఏడాది సాగితే, సాపేక్ష సిద్ధాంతం లెక్కల్లో చూసినా, కాంతి వేగంలో మూడొంతులు దాటవచ్చు. శరీరానికి ఇబ్బంది లేదు, కానీ అంతకాలం ఇంజిన్ మండించే ఇంధనం మన దగ్గర లేదు. 1994లో మెక్సికో భౌతికశాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రె మరో దారి ప్రతిపాదించారు. నౌకను కదిలించే బదులు దాని ముందున్న అంతరాళాన్ని కుదించి, వెనకది సాగదీయాలి. లోపలివాళ్లకు ఏ త్వరణమూ తెలియదు. గణితం ఒప్పుకుంటుంది, కాకపోతే అందుకు రుణ శక్తి కావాలి. అది ఆ మోతాదులో ఎక్కడా కనిపించలేదు.

మనుషులు ఇప్పటివరకు అందుకున్న అత్యధిక వేగం 1969 మే నెలలో అపోలో 10 తిరిగొస్తూ సాధించిన గంటకు 39,897 కిలోమీటర్లు. ఆ వేగంతో మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీకి చేరాలంటే లక్షా పద్నాలుగు వేల సంవత్సరాలకు పైగా పడుతుంది.

పలుచని కవచమే గట్టి కవచం

ఒకవేళ ఆ వేగాలు అందుకున్నా దారిలో ధూళి ఉంటుంది. కాంతి వేగంలో పదో వంతుతో వెళ్తున్న నౌకకు ఒక మిల్లీగ్రాము రేణువు తగిలితే విడుదలయ్యే శక్తి దాదాపు 100 కిలోల టీఎన్‌టీ పేలుడుతో సమానం. అంత దూరం ఎందుకు, భూకక్ష్యలోనే సెకనుకు 10 కిలోమీటర్లతో వచ్చే ఒక గ్రాము ముక్కకు మనం ముందు చూసిన తూటా లాంటివి వంద కలిసినంత శక్తి ఉంటుంది.

మరి అంతరిక్ష కేంద్రానికి ట్యాంకు గోడలంత మందపు పలకలు బిగించారా? లేదు. అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ 1940లలో చెప్పిన ఉపాయం వాడుతున్నారు. ముందు ఒక పలుచని రేకు, కొంత ఖాళీ, ఆ తర్వాత అసలు గోడ. రేకును గుద్దుకోగానే ముక్క పొడిపొడి అవుతుంది. ఆ పొడి ఖాళీలో విచ్చుకుని, గోడను చేరేసరికి దెబ్బ చాలా చోటికి పంచుకుపోతుంది. కాపాడే పనిలో ఆ ఖాళీది సగం వాటా.

2024 డిసెంబరు 24న గంటకు సుమారు 6,92,000 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి దగ్గరగా దూసుకెళ్లిన పార్కర్ సోలార్ ప్రోబ్ మనిషి చేసిన వస్తువుల్లో అత్యంత వేగవంతమైనది. అయినా అది కాంతి వేగంలో పదిహేను వందల వంతు కూడా కాదు. దాదాపు 1,400 డిగ్రీలను, అంటే కొలిమి వేడికి దగ్గరి వేడిని తట్టుకునేలా దాని కవచాన్ని రూపొందించారు. ఆ కవచం ఉక్కుది కాదు. రెండు కార్బన్ పలకల మధ్య పదకొండున్నర సెంటీమీటర్ల మందం కార్బన్ నురుగు. ఆ నురుగులో అత్యధిక భాగం ఖాళీయే.

నలిగే కారు ముందు భాగం, కుంగే సీటు, రేకు వెనక ఖాళీ, నురుగు కవచం. వీటన్నిటిలోనూ కాపాడే పనిలో పెద్ద వాటా మెత్తదనానిది, లేదా ఖాళీది. టిఫిన్ డబ్బాలో మరమరాలు చేసింది కూడా అదే.

తలుపు వెనక హెల్మెట్

ఇదంతా వివరించాక మా వాడు తన సూట్‌ను మెరుగుపరచాలని నిర్ణయించుకున్నాడు. "అయితే హెల్మెట్‌లో మరమరాలు పోద్దాం" అన్నాడు. నవ్వుతూ తలుపు వెనక కొక్కేనికి తగిలించిన హెల్మెట్ తీసి లోపలికి చూశాను. పైన నల్లటి చిప్ప, లోపల పలుచని బట్ట. మధ్యలో ఉండాల్సిన థర్మోకోల్ పొర లేదు. పిల్లాడి తల మీద అది గిన్నెలా ఎందుకు తిరిగిందో అప్పుడు అర్థమైంది.

బావ ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. రోజూ ఖర్కయీ వంతెన దాటి బైక్ మీద వెళ్తాడు. కిందటి వానాకాలంలో జారిపడ్డాడట, తల డివైడర్‌కు తగిలిందట. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. "ఏం కాలేదురా, హెల్మెట్ మంచిది. చూడు, గీత కూడా సరిగ్గా పడలేదు" అని చిప్ప మీద వేలితో రాసి చూపించాడు. లోపలి థర్మోకోల్ మాత్రం పగిలి గుచ్చుకుంటుంటే పీకి పారేశాడు. చిప్ప బాగానే ఉంది కదా అని ఎనిమిది నెలలుగా దాన్నే పెట్టుకుని తిరుగుతున్నాడు.

మా వాడి ముందే కాగితం మీద లెక్క వేశాను. బైక్ ఆగి ఉండగా పక్కకు ఒరిగిపోయినా తల సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. నేలను తాకేసరికి వేగం సెకనుకు 5.4 మీటర్లు. థర్మోకోల్ రెండు సెంటీమీటర్లు నలిగితే తల మీద పడేది సుమారు 75 జి. అది లేకుండా, చిప్పా చర్మమూ కలిసి రెండు మిల్లీమీటర్లు మాత్రమే కుంగితే 750 జి. పది రెట్ల తేడా. కిందటి వానాకాలం బావ మెదడును కాపాడింది ఆ గీత పడని చిప్ప కాదు. పగిలిపోయిన థర్మోకోల్. అది ఒక్కసారి నలగడానికే పుట్టిన వస్తువు. నలిగాక మళ్లీ పూర్వస్థితికి రాదు. అందుకే దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి ఎంత బాగా కనిపించినా మార్చేయాలి. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తుతో పాటు లోపల వేలితో నొక్కి ఆ పొర ఉందో లేదో చూడాలి. బిగుతుగా ఉందనో, చెమట పడుతోందనో దాన్ని తీసేస్తే తల మీద మిగిలేది టిఫిన్ డబ్బాయే.

బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొడుకుతో, "మరి గుడ్లు ఎన్ని పగలగొట్టార్రా?" అన్నాడు.

"ఒకటే నాన్నా. రెండోది బతికింది."

ఆ సాయంత్రం ముగ్గురం బిష్టుపూర్ బజారుకు వెళ్లి కొత్త హెల్మెట్ కొన్నాం. కొట్లో మా వాడు ప్రతి హెల్మెట్‌నూ తిరగేసి, లోపల బొటనవేలితో నొక్కి చూశాకే బావకు అందించాడు. పాతది ఇప్పుడు వాడి సూట్‌లో భాగం. ఐరన్ మ్యాన్‌కు అది చాలు, వాడు డాబా దాటి ఎగరడు కాబట్టి.